గాలి తగ్గాక కరెంటు తీగల దగ్గర జాగ్రత్త: ఉద్దానం నుంచి రాస్తున్నా

అక్టోబరు దగ్గర పడుతోందంటే శ్రీకాకుళం జిల్లాలో మా కవిటి వైపు ఊళ్లలో పెద్దవాళ్లు పొద్దున లేచి ముందు సముద్రం వైపు చూస్తారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చింది అక్టోబరు 12న, మరుసటి ఏడాది హుద్‌హుద్ కూడా సరిగ్గా అదే తారీఖున. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది, గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి, ఒక్కో విసురు 165 దాకా. ఆ రాత్రి గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్లు ముందే పెట్టుకోవడం కూడా అందరికీ అలవాటైపోయింది. నాకు భయమంతా గాలి ఆగిన తర్వాతి వారం గురించే. అప్పుడు తీగలన్నీ కింద ఉంటాయి, కరెంటు లేదన్న ధైర్యంతో మనమంతా వాటి మధ్యే తిరుగుతుంటాం.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. తిత్లీ వెళ్లిన మూడో రోజు. పెరట్లో పనసచెట్టు కొమ్మ విరిగి వంటపాక రేకుల మీద పడింది, స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీస్ వైరు దాని కింద నలిగి ఉంది. చిన్నాన్న గొడ్డలి పట్టుకుని రేకుల పక్కన నిచ్చెన వేశాడు. అమ్మ వద్దంటే, "మూడ్రోజుల్నించీ ఊరంతా కరెంటు లేదు గదా వదినా, ఏటవుతాది" అన్నాడు. అంతలో పక్క వీధిలో ఎవరో జనరేటర్ స్టార్ట్ చేశారు, ఆ చప్పుడు మాకు వినపడింది. మరో నిమిషానికి మా వరండాలో బల్బు గుడ్డిగా వెలిగింది. గాలివాన రాత్రి నుంచి దాని స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది, ఎవరం చూసుకోలేదు. చిన్నాన్న చెయ్యి అప్పటికి ఆ వైరుకి రెండడుగుల దూరంలో ఉంది. నెమ్మదిగా దిగొచ్చి గట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు, గ్లాసు సరిగ్గా పట్టుకోలేకపోయాడు.

జరిగింది ఏమిటంటే, ఆ ఇంటివాళ్లు జనరేటర్ వైరుకి ప్లగ్గు బిగించి దాన్ని గోడలో ఉన్న సాకెట్‌లోకే గుచ్చారు, మెయిన్ స్విచ్ ఆపలేదు. ఇంట్లోకి రావలసిన కరెంటు వాళ్ల మీటరు దాటి బయటి తీగలకి ఎక్కి మా వీధికి వచ్చింది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులని మన ఇంటికి సరిపడా తగ్గిస్తుంది కదా, అదే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇటువైపు నుంచి జనరేటర్ కరెంటు ఎక్కితే అది తిరగబడి పనిచేస్తుంది, 230 వోల్టులు అవతల వైపు వేలల్లోకి పోతాయి. అక్కడ ఎల్‌సీ (లైను ఆపించి పని చేసుకోవడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని, లైను ఆపేశారన్న నమ్మకంతో స్తంభమెక్కి ఉంటాడు లైన్‌మన్. ఎక్కడో రాయలసీమ నుంచో గోదావరి జిల్లాల నుంచో మన కోసం వచ్చిన మనిషి కావచ్చు అతను. జనరేటర్ ఉన్నవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, గోడ సాకెట్‌లో గుచ్చొద్దు. ఫ్రిజ్, ఫోన్ ఛార్జర్లు, ఏది కావాలంటే అది జనరేటర్‌కే నేరుగా తగిలించుకోండి. ఇల్లంతా వెలగాలంటే ఎలక్ట్రీషియన్‌తో ఛేంజ్ ఓవర్ స్విచ్ (బయటి లైను గానీ జనరేటర్ గానీ, ఒకసారికి ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) పెట్టించుకోవాలి, ఇంకో దారి లేదు. ఇంకొకటి, వాన పడుతోందని దాన్ని గదిలోనో తలుపులు మూసిన వరండాలోనో నడపకండి. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇక తెగి కింద పడ్డ తీగ. చాలామంది అనుకునేది, తీగ నేలకి తగిలితే ఫ్యూజు పోతుంది, లైను ఆగిపోతుంది అని. కొన్నిసార్లు అవుతుంది, కానీ మన ఉద్దానం నేల ఇసుక. పొడి ఇసుకలోంచి కరెంటు అంత తేలిగ్గా పారదు, అందుకని ఫ్యూజు పోయేంత కరెంటు లాగదు, తీగ మాత్రం చచ్చిన పాములా పడి ఉండి లోపల ప్రాణంతోనే ఉంటుంది. నిప్పురవ్వలు ఉండవు, చప్పుడూ ఉండదు. జీడితోటలో ఆకుల కింద పడి ఉంటే కనిపించను కూడా కనిపించదు. పైగా సబ్‌స్టేషన్ వాళ్లు లైను బాగుందో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో కరెంటు వదిలి చూస్తారు, పొద్దున్న చల్లగా ఉన్న తీగ మధ్యాహ్నానికి అలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేరు. అందుకే తెగిన తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే లెక్క. టీవీ కేబుల్ అనిపించినా సరే, ఎందుకంటే అది పైన ఎక్కడో కరెంటు తీగకి ఆనుకుని ఉండొచ్చు.

దూరం ఎంత అంటే కనీసం 10 మీటర్లు, పెద్ద అంగలతో పన్నెండు పదమూడు. నేల తడిగా ఉన్నా నీళ్లు నిలిచినా ఇంకా దూరం జరగాలి. తీగ తగలకపోయినా ఎందుకు ప్రమాదమంటే, తీగ పడిన చోట నేలలో వోల్టేజీ ఎక్కువ ఉంటుంది, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. ఒక కాలు దగ్గరగా ఒక కాలు దూరంగా వేశారంటే ఆ తేడా అంతా ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది. గేదెలు, ఆవులు ఇలాగే పోతాయి, వాటి ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్య ఎడం ఎక్కువ కదా. తెలియక దగ్గరికి వెళ్లిపోయామని అర్థమైతే పరుగెత్తకూడదు. రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించి, నేల మీంచి లేపకుండా, చిన్నచిన్నగా ఈడ్చుకుంటూ వెనక్కి రావాలి. ఆటోనో కారో నడుపుతుంటే దాని మీద తీగ పడితే, లోపలే కూర్చుని ఫోన్ చెయ్యండి. కారైతే తలుపు తీసి ఒక కాలు కింద పెట్టడమే ప్రాణం తీస్తుంది. మంటలు లేచి దిగక తప్పకపోతే మాత్రం బండికీ నేలకీ ఒకేసారి తగలకుండా రెండు కాళ్లు కలిపి దూకి, పాదాలు ఈడ్చుకుంటూ దూరం జరగాలి.

నాకు తెలిసి పల్లెల్లో ఎక్కువ మోసం చేసేది బట్టలారేసే దండెం. సర్వీస్ వైరుకి ఆసరాగా కట్టే ఇనుప తీగ ఒక కొక్కేనికి వేలాడుతుంది, అదే కొక్కేనికో పక్క మేకుకో దండెం కడతాం, అదీ ఇనుప తీగే. తుపాను గాలికి వైరు రాత్రంతా రేకు అంచుకి రాసుకుంటుంది. మా ఇంటి దగ్గర తర్వాత లైన్‌మన్ ఊడదీసి చూపించాడు, నల్ల రబ్బరు జానెడు మేర చెక్కుకుపోయి లోపలి అల్యూమినియం తెల్లగా మెరుస్తోంది, రేకు అంచుకి నల్లటి మసి గీత. ఆ రేకు మీద చెయ్యి వేసినా, తడిబట్ట దండెం మీద వేసినా అంతే. దండెం ప్లాస్టిక్ తాడుతో కట్టుకోండి, సర్వీస్ వైరుకి దూరంగా. ఇరవై, ముప్పై రూపాయల పని. రేకుల ఇళ్ల వాళ్లు గాలివాన తర్వాత రేకునీ, ఇనుప తలుపునీ ముట్టుకునే ముందు ఒకసారి వైరు ఎటు పోతోందో కింద నుంచి చూడండి. స్తంభం నుంచి మీటరు దాకా ఏ ముక్కా మనం ముట్టకూడదు, దాని మీద పడ్డ కొబ్బరి మట్ట కూడా. వెదురు గెడతో తోసేద్దామనుకుంటారు, వానకి తడిసిన వెదురు కరెంటుని బాగానే మోస్తుంది.

ఇంట్లోకి నీళ్లొస్తే మెయిన్ ఆపాలి, నిజమే, కానీ నీళ్లలో నిలబడి ఆపకూడదు. గాలి పెరుగుతున్నప్పుడే, నేల పొడిగా ఉండగానే ఆపేసి పడుకోండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ కూడా ఆపాలి, లేకపోతే ఆ బోర్డుల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్న ఇళ్లలో ఎండ ఉన్నంతసేపూ పలకల నుంచి వచ్చే వైర్లలో కరెంటు పుడుతూనే ఉంటుంది, విరిగి వేలాడే పలక జోలికి పోవద్దు. తడిసిన బోర్డు, పొలంలో మోటారు స్టార్టర్ పెట్టె ఎండినట్టు కనిపించినా ఎలక్ట్రీషియన్ చూశాకే వెయ్యాలి.

కరెంటు వచ్చిన రోజు అందరం సంబరపడతాం, అన్నీ ఒకేసారి ఆన్ చేస్తాం. ముందు ఒక్క బల్బు వేసి చూడండి. మామూలు కంటే మరీ ఎక్కువ వెలుగుతున్నా, ఫ్యాను ఎప్పుడూ లేనంత జోరుగా తిరుగుతున్నా, పక్కింట్లో గుడ్డిగా వెలుగుతున్నా బయట న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిందని అనుమానించాలి. వెంటనే మెయిన్ ఆపెయ్యాలి. అలాంటప్పుడు 230 రావలసిన చోట 400 దాకా రావచ్చు, టీవీ, ఫ్రిజ్ ఒక్క నిమిషంలో పోతాయి.

మనిషికి షాక్ కొడితే, ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, ముట్టుకోకూడదు. కన్నబిడ్డ అయినా ముందు మెయిన్ ఆపాలి. ఇంటి కరెంటే అయి మెయిన్ ఆపే వీలు లేకపోతే, పొడి చోట నిలబడి, బాగా ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని విడగొట్టాలి. బయటి 11 కేవీ (11,000 వోల్టుల) తీగ అయితే ఏ కర్రా పనికిరాదు, లైను ఆపించేదాకా దగ్గరికి పోకూడదు. రాయడానికి నాకే మనసొప్పడం లేదు, కానీ ఒకరి కోసం వెళ్లి ఇంకొకరు పోయేది ఇక్కడే. విడిపోయాక ఊపిరి లేకపోతే 108కి చెప్పమని ఒకరిని పంపి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాగే కరెంటు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు, గుండె లయ తప్పడానికి ఆ మాత్రం చాలు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా చాలు దానంతటదే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ అంటారు, ఒకటి బోర్డులో పెట్టించుకోమని అందరికీ చెప్తుంటాను. మీటరుకి ఇవతల జరిగే చాలా షాకులకి అది అడ్డం పడుతుంది, బయట తెగిన తీగకి మాత్రం కాదు.

ఇప్పుడే, ఎండ కాస్తుండగానే చేసుకోవలసింది ఒకటుంది. సర్వీస్ వైరు మీదికి వాలిన కొమ్మలుంటే సచివాలయంలో ఉండే ఎనర్జీ అసిస్టెంట్‌కి చెప్పి, లైను ఆపించి కొట్టించండి. మీ స్తంభం మీద నంబరు ఉంటే అది, ట్రాన్స్‌ఫార్మర్ ఏ వీధిదో అది రాసి పెట్టుకోండి. తీగ తెగితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి "మా ఊళ్లో తీగ పడింది" అంటే వాళ్లు వెతుక్కోవాలి, నంబరు చెప్తే ఆ లైను తొందరగా ఆపగలుగుతారు. వాళ్లొచ్చేదాకా ఎవరో ఒకరు దూరంగా నిలబడి పిల్లల్నీ పశువుల్నీ అటు రానివ్వకుండా చూడాలి.

మా ఇంట్లో మీటరు పక్కన గోడ మీద బొగ్గుతో ఆ రెండూ, కింద 1912 రాసి ఉన్నాయి. మొన్న సున్నం వేస్తుంటే చిన్నాన్న నిలబడి ఆ మూరెడు గోడ వదిలేయించాడు.