మీ ఉచిత ఫొటో క్రిప్టో మోసగాళ్ల చేతిలో పడితే చేయవలసిన పనులు

హైదరాబాద్‌లో కెమెరా పట్టుకొని తిరిగే చాలామంది తమ ఫొటోలను వికీమీడియా కామన్స్‌లోనో, ఫ్లికర్‌లోనో, అన్‌స్ప్లాష్‌లోనో నలుగురికీ పనికిరావాలని ఉచితంగా ఉంచుతారు. చార్మినార్, గోల్కొండ, దుర్గం చెరువు తీగల వంతెన ఫొటోలు అలాగే విద్యార్థుల ప్రాజెక్టులకూ పత్రికలకూ చేరుతున్నాయి. అదే దారిలో హైటెక్ సిటీ అద్దాల భవనం ఫొటో ఒకటి, రోజుకు రెండు శాతం లాభమని ఆశపెట్టే క్రిప్టో వెబ్‌సైటులో "మా ప్రధాన కార్యాలయం" అన్న శీర్షిక కింద తేలవచ్చు. లాడ్ బజార్‌లో గాజులమ్ముకునే మనిషి ముఖాన్ని వేరే పేరుతో, "ఆరు నెలల్లో అప్పులన్నీ తీర్చేశాను" అని చెప్పే మదుపుదారుడి ముఖంగా చూపించవచ్చు. అలాంటిది మీ కంటపడినప్పుడు ఏ క్రమంలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఉచితంగా పెట్టిన ఫొటో మీద ఇక తమకు ఏ హక్కూ ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఉచిత ఫొటోలకు తరచూ వాడే అనుమతిపత్రమైన క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 లైసెన్సు ప్రకారం, వాడుకునేవారు మీ పేరు పేర్కొనాలి. మీరు తమను సమర్థిస్తున్నట్టు చూపించుకోకూడదు. ఫొటోలో ఉన్న వ్యక్తుల గోప్యతకు, వారి ముఖాన్ని ప్రచారానికి వాడుకోవడానికి సంబంధించిన హక్కులను ఆ లైసెన్సు ఎవరికీ ధారాదత్తం చేయదు. షరతు ఉల్లంఘించిన క్షణంలోనే వారి అనుమతి రద్దవుతుంది, తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటేనే అది తిరిగి వర్తిస్తుంది. దీనికి తోడు, 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్, తన కృతికి తానే కర్తనని చెప్పుకొనే హక్కును, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకొనే హక్కును రచయితకు (ఫొటో అయితే దాన్ని తీసినవారికి) ఇస్తుంది. అయితే హక్కులన్నీ వదులుకునే సీసీ0 కింద గానీ, పేరు పేర్కొనడం తప్పనిసరి కాని అన్‌స్ప్లాష్ లైసెన్సు కింద గానీ పెట్టిన ఫొటోలకు కాపీరైట్ దారి చాలావరకు మూసుకుపోతుంది. మోసం గురించి ఫిర్యాదు చేసే దారి మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. ఫొటో ఏ లైసెన్సులో ఉన్నా ముందు ఆ దారినే పట్టాలని నేను గట్టిగా చెబుతాను.

మొదటి పని ఆధారాలు సేకరించడం. గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ మీ ఫొటోను ఇచ్చి వెతకండి, ఒకదానిలో దొరకనిది మరొకదానిలో దొరకవచ్చు. దొరికిన పేజీని బ్రౌజర్ ప్రైవేట్ విండోలో మాత్రమే తెరవండి. అక్కడ ఖాతా తెరవకండి, ఫోన్ నంబరు ఇవ్వకండి, "వాలెట్ (క్రిప్టో డబ్బు దాచుకునే ఖాతా) కలపండి" అన్న మీట జోలికి వెళ్లకండి. తర్వాత ఫొటో మీద రైట్ క్లిక్ చేసి, దాని చిరునామాను కాపీ చేసి పరిశీలించండి. ఆ చిరునామా అప్‌లోడ్.వికీమీడియా.ఆర్గ్ అని మొదలై, చివరన 1280పీఎక్స్ వంటి వెడల్పు సంఖ్యతో ఫైలు పేరు కనిపిస్తే, మోసగాళ్లు ఫొటోను కనీసం కాపీ కూడా చేసుకోలేదని, వికీమీడియా కామన్స్ సర్వర్ నుంచే నేరుగా తమ పేజీలోకి లాక్కుంటున్నారని అర్థం. చిరునామా వారి సొంత డొమైన్‌తో మొదలైతే, కాపీ చేసి తమ దగ్గర పెట్టుకున్నారన్నమాట. ఈ తేడాను బట్టి ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో కొంత తేలుతుంది కనుక దీన్ని రాసిపెట్టుకోండి.

పేజీ పూర్తి చిరునామా, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వెబ్ పేజీల ప్రతులను దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్‌లో కూడా ఆ పేజీని భద్రపరచండి, ఎందుకంటే ఇలాంటి సైట్లు రాత్రికి రాత్రే మాయమవుతాయి. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలును చెరపకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టుకు సమర్పించేటప్పుడు ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్యతో) కూడిన ధ్రువపత్రం జతచేయాలి. వ్యవహారం అంతదూరం వెళితే అసలు ఫైలే మీకు అండ.

ఇక ఫిర్యాదు. ఇంటర్నెట్ డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో ఆ డొమైన్ పేరు ఇస్తే దాన్ని అమ్మిన రిజిస్ట్రార్ పేరు, దుర్వినియోగంపై ఫిర్యాదులు పంపవలసిన ఈమెయిల్ కనిపిస్తాయి. ఇక్కడ మీరు వాడే మాటలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఐకాన్‌తో రిజిస్ట్రార్లకున్న ఒప్పందంలో 2024 ఏప్రిల్ నుంచి అమలైన సవరణల వల్ల, ఫిషింగ్ (నకిలీ పేజీతో రహస్య వివరాలు దొంగిలించడం), మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) వంటి డొమైన్ దుర్వినియోగానికి తగిన ఆధారం అందితే రిజిస్ట్రార్లు చర్య తీసుకోక తప్పదు. కాపీరైట్ ఉల్లంఘన మాత్రం ఆ నిర్వచనంలోకి రాదు. కాబట్టి "నా ఫొటో దొంగిలించారు" అని మొదలుపెట్టకుండా, ఆ పేజీ సందర్శకులను ఎలా మోసం చేస్తోందో ముందు రాయండి: వాలెట్ రహస్య పదాలు టైపు చేయమంటోందా, వేరే సంస్థ పేరుతో లాగిన్ పేజీ చూపిస్తోందా, రిజర్వు బ్యాంకు అనుమతి ఉందని చెప్పుకుంటోందా? ఏ క్రిప్టో పథకానికీ రిజర్వు బ్యాంకు అనుమతి ఇవ్వదు కనుక ఆ ఒక్క వాక్యమే బలమైన ఆధారం. ఆ తర్వాతే, కార్యాలయంగా చూపిన ఫొటో మీదేనని, అది ఎక్కడ, ఎప్పుడు తీసిందో చెబుతూ అసలు లింకు ఇవ్వండి. అదే వివరాన్ని ఆ సైటును తన సర్వర్లలో ఉంచిన హోస్టింగ్ కంపెనీకీ, గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ ఫిర్యాదు పేజీకీ పంపండి. ప్రచారం టెలిగ్రామ్ గ్రూపులో సాగుతుంటే యాప్‌లోనే రిపోర్ట్ చేయండి.

కాపీరైట్ నోటీసు రెండో అడుగు. విదేశీ హోస్టింగ్ కంపెనీలు సాధారణంగా 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టమైన డీఎంసీఏ పద్ధతిలో నోటీసు అడుగుతాయి. మన కాపీరైట్ చట్టంలో 52(1)(సి) సెక్షన్, 2013 నిబంధనల్లోని 75వ నిబంధన కింద, రాతపూర్వక ఫిర్యాదు సమంజసమని తేలితే ఆ ప్రతిని నిల్వచేసిన సంస్థ 36 గంటల్లో దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి, కోర్టు ఉత్తర్వు రాకపోతే 21 రోజుల తర్వాత దాన్ని తిరిగి తెరవవచ్చు. ఫొటోకు కాపీరైట్ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఒక్క జాగ్రత్త: ఇలాంటి నోటీసులు తరచూ ఎదుటి పక్షానికి కూడా చేరతాయి కనుక, ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబరు రాయకుండా ఇందుకోసమే తెరిచిన ఈమెయిల్ ఇవ్వండి.

మీకు డబ్బు నష్టం కలగకపోయినా పోలీసుల దృష్టికి తీసుకువెళ్లవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అనుమానిత వెబ్‌సైట్లను, టెలిగ్రామ్ ఖాతాలను తెలియజేసే విభాగం ప్రత్యేకంగా ఉంది. ఆ పేజీని నమ్మి డబ్బు పంపినవారు ఎవరైనా మీకు తెలిస్తే మాత్రం పోర్టల్ కోసం ఆగవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో తిరుగుతుండగా చేస్తేనే ఆపే అవకాశం ఉంటుంది.

ఫొటో మీ సొంత సైటులో ఉండి, అక్కడి నుంచే వారు లాక్కుంటుంటే మీ చేతిలో మరో ఉపాయం ఉంది. అసలు ఫొటోకు కొత్త ఫైలు పేరు పెట్టి మీ పేజీలో లింకు మార్చుకోండి. పాత పేరుతో "ఈ ఫొటోకు, ఈ సంస్థకు సంబంధం లేదు, ఇక్కడ డబ్బు పెట్టకండి" అని తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసిన బొమ్మను ఉంచండి. ఇక వారి పేజీ తెరిచినవారికి కార్యాలయం బదులు మీ హెచ్చరిక కనిపిస్తుంది. వికీమీడియా కామన్స్‌లో ఇలా చేయకూడదు. ఆ ఫైలును వాడుకుంటున్న వ్యాసాలన్నీ దెబ్బతింటాయి.

ఫొటోలో ముఖం కనిపించే మనిషి మీకు తెలిసినవారైతే, ఆ స్క్రీన్‌షాట్ తీసుకెళ్లి స్వయంగా చూపించండి. తన ముఖంతో ఎవరో డబ్బు అడుగుతున్నారన్న సంగతి ఆయనకు ఇరుగుపొరుగు ద్వారా తెలియడం అన్యాయం. పైగా తన ముఖం దుర్వినియోగమైందని ఆయన స్వయంగా ఇచ్చే ఫిర్యాదుకు మీ కాపీరైట్ నోటీసు కంటే ఎక్కువ బలం ఉంటుంది. ఫారం నింపడం ఆయనకు తెలియకపోతే పక్కన కూర్చుని నింపిపెట్టండి.

ఒక డొమైన్ మూతపడగానే అదే పేజీ మరో పేరుతో తెరుచుకోవడం మామూలే. అందుకే ఆ పేజీలోని ఏదో ఒక పొడవైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి అప్పుడప్పుడు గూగుల్‌లో వెతకండి. కొత్తది దొరికితే పాత ఫిర్యాదులో లింకు, తేదీ, రిజిస్ట్రార్ పేరు మార్చి, ముందటి ఫిర్యాదు సంఖ్యను పేర్కొంటూ మళ్లీ పంపండి.