పంతం పట్టే పిల్లలు – 3వ పాఠం: మూడు గళ్ల పేజీ

పోయిన పాఠంలో లెక్క మాత్రమే రాయమన్నాను: రోజుకు ఎన్నిసార్లు పేచీ పెట్టాడు, ఎంతసేపు పెట్టాడు. ఆ వారం రాయడం పూర్తికాకపోతే ముందు అది చేసి రండి. ఆ లెక్క లేకుండా ఈ పాఠం పనికిరాదు.

ఇప్పుడు అదే నోట్‌బుక్‌లో పేజీకి మూడు గళ్లు గీయండి. ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది.

పలాస దగ్గరి ఒక ఇంటి పేజీ చూపిస్తాను. అమ్మ జీడిపిక్కల పనికి వెళుతుంది, నాన్న హైదరాబాద్‌లో కూలి పనిలో ఉన్నాడు. మూడేళ్ల బాబు పగలు అంగన్‌వాడీలో, ఆ తర్వాత నాయనమ్మ దగ్గర. "ఈ గుంటడు పుట్టిన్నించీ ఇంతే, ఏటి సేస్తాం" అన్నది నాయనమ్మ మాట. అమ్మ రాసింది ఇది:

సోమవారం, సాయంత్రం 6.40. ముందు: పని నుంచి వచ్చి వంట మొదలుపెట్టాను. చేసింది: ఫోన్ అడిగాడు, ఇవ్వనన్నాను. పళ్లెం విసిరాడు, అప్పను (అక్కను) కొరికాడు. తర్వాత: నాలుగు నిమిషాలు ఓర్చుకున్నాను. అత్త "ఆ ఫోనిచ్చీమ్మా, సెవులు పోతన్నాయి" అంది. ఇచ్చాను. ఊరుకున్నాడు.

మూడో గడి మళ్లీ చదవండి. నాలుగు నిమిషాలు అరిస్తే ఫోన్ వస్తుందని బాబు నేర్చుకున్నాడు. ఫోన్ ఇస్తే ఇల్లు నిమ్మళిస్తుందని అమ్మ నేర్చుకుంది. ఇద్దరికీ కావలసింది దొరికింది కాబట్టి రేపూ ఇదే జరుగుతుంది. అమెరికాలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇళ్లలో కుటుంబాలను గమనించి ఈ చక్రాన్నే వివరించాడు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అలసిపోయిన అమ్మ ఇంకేం చేస్తుంది?

ఒకరోజు ఇచ్చి, ఒకరోజు ఇవ్వకపోతే పంతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే పంతాన్ని గట్టిపరుస్తుంది. బారువ తీరంలో వేసిన ప్రతి వలకూ చేప పడదు. ఎప్పుడో ఒకసారి పడుతుంది కాబట్టే వల వేయడం ఎవరూ మానరు.

ఇక ఆ పేజీలో లేనిది చూడండి. వారం మొత్తంలో పేచీలన్నీ సాయంత్రం ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్యే. అంగన్‌వాడీ టీచరమ్మ "ఇక్కడ బుద్ధిగానే ఉంటాడమ్మా" అంటే ఆ తల్లి చిన్నబుచ్చుకుంది, తప్పంతా తనదేనేమోనని. నేనైతే సంతోషించాను. ఒక్క చోట, ఒక్క వేళలో వచ్చే ఇబ్బంది తేలిగ్గా మారుతుంది. ఇంట్లో, అంగన్‌వాడీలో, చుట్టాలింట్లో, ఎక్కడైనా ఒకేలా నెలల తరబడి కనిపించేదే నిలిచిపోయే అవకాశం ఎక్కువ. అందుకే ప్రతిసారీ చోటు, టైమ్ రాయమంటున్నాను.

వయసు కూడా రాయండి. కొట్టడం, కొరకడం, తోయడం రెండు మూడేళ్ల వయసులో ఎక్కువగా ఉండి, మాటలు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గుతాయి. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ చేసిన పరిశోధనలు ఈ సంగతే చూపించాయి. కాబట్టి "పెద్దయితే అదే పోతుంది" అన్న మాటలో నిజం ఉంది, కానీ అందరి విషయంలో కాదు. మీ బిడ్డ ఎటు వెళుతున్నాడో పక్కింటివాళ్లు చెప్పలేరు, మీ నోట్‌బుక్ చెబుతుంది.

పేచీ పెట్టని పిల్లల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే వాళ్లను ఎవరూ పట్టించుకోరు. విజయనగరం సిరిమాను ఉత్సవంలో డప్పులు వినగానే కొంగు వెనక దాక్కునే పాప ఉంటుంది. వెంటనే ఇంటికి తీసుకొచ్చేస్తాం, పాప తేరుకుంటుంది. ఆ తేరుకోవడం మూడో గడిలో రాయాల్సిన విషయం. తప్పించుకున్న ప్రతిసారీ భయం కాస్త బలపడుతుంది. దూరంగా, చేయి పట్టుకుని, కాసేపైనా నిలబడగలిగితే అది కరుగుతుంది.

పలాస ఇంట్లో మేం ముందుగా మార్చింది మొదటి గడిని. రాగానే వంటకు పోకుండా పది నిమిషాలు బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి వెల్లుల్లి రెబ్బలు ఒలిచారు. ఫోన్ కనపడకుండా పెట్టెలో పెట్టారు. నాయనమ్మను ఒప్పించడానికే రెండు రోజులు పట్టింది. అప్పటికీ మొదటి మూడు రోజులు పేచీ పెరిగింది, నాలుగు నిమిషాలది పన్నెండు అయింది. ఇది మామూలే. కానీ ఆ పన్నెండో నిమిషంలో ఫోన్ ఇస్తే, బాబు నేర్చుకునేది పన్నెండు నిమిషాల పాఠం. ఇంట్లో పెళ్లో, జ్వరమో ఉన్న వారంలో మొదలుపెట్టకండి. మూడో వారానికి ఆ పేజీలో రెండే పేచీలున్నాయి.

కొన్నిటికి నోట్‌బుక్ చాలదు. వచ్చిన మాటలు పోవడం, పిలిస్తే తిరగకపోవడం, తలను గోడకేసి గాయమయ్యేలా కొట్టుకోవడం. మొండితనం అనుకున్నది వినికిడి లోపం కావచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా టీచరమ్మకు, ఏఎన్‌ఎమ్‌కు ఇప్పుడే చెప్పండి.

ఈ వారం పని: పది పేచీలు మూడు గళ్లలో రాయండి. మూడో గడిలో "ఏమీ చేయలేదు" అని రాయకండి. మీరు చూసిన చూపు, తాత అన్న మాట, అప్ప ఇచ్చిన బిస్కెట్, అన్నీ రాయండి. పదీ అయ్యాక నాలుగో పాఠానికి రండి.