పక్కవారి కంప్యూటర్‌లో లినక్స్ నిలబడాలంటే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్నవారికి మాత్రమే పొడిగింపు ఉంది. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 (ఒక భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (ఆమోదం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే ఏర్పాటు) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. ఇవి లేని కంప్యూటర్లలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. వాటిని పారేయకుండా, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని ఇంకో నాలుగైదేళ్లు నడిపించుకోవచ్చని చెప్పడానికి ఇది మంచి అదను. అయితే చెప్పడం తేలిక, నిలబెట్టడం కష్టం. ఇన్‌స్టాల్ చేసి వెళ్లిపోతే నెల తిరిగేలోపు ప్రింటర్ దగ్గరో, వైఫై దగ్గరో కథ ఆగిపోతుంది. ఆ మనిషి ఇక ఇంకెవరు చెప్పినా లినక్స్ పేరు వినడు.

ముందు చూడండి, తర్వాత చెప్పండి

"కంప్యూటర్‌తో ఏమేం చేస్తారు?" అని అడిగితే "ఏముంది, ఇంటర్నెట్, కాస్త టైపింగ్" అంటారు. ఆ జవాబును నమ్ముకోకండి. అరగంట పక్కన కూర్చుని వాళ్ల పని వాళ్లను చేసుకోనిచ్చి, చూస్తూ రాసుకోండి: టాస్క్‌బార్‌లో ఉన్న ప్రోగ్రాములు, ప్రింటర్, స్కానర్ మోడల్ నంబర్లు, ఫైళ్లు ఉండే చోటు, బయటివారితో ఇచ్చిపుచ్చుకునే డాక్యుమెంట్ల రకం, ఆడే ఆటలు. సంవత్సరానికి ఒక్కసారే వాడేవి ఏమైనా ఉన్నాయేమో అడిగి మరీ రాయించుకోండి. తర్వాత కొంప ముంచేవి అవే.

ఈ జాబితాలో కొన్ని కనబడితే అక్కడితో ఆగిపోవాలి. ఫొటోషాప్, ఆటోక్యాడ్ మీద బతుకుతెరువు ఉన్నవారు, పెద్ద పెద్ద మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లతో రోజూ పనిచేసేవారు, ఫోర్ట్‌నైట్, వాలొరంట్ ఆడేవారు, విండోస్‌కు మాత్రమే డ్రైవర్ ఉన్న డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారు, ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అయిన విద్యార్థులు: వీళ్లకు "మీకు ఇప్పుడు ఇది సరిపోదు" అని సూటిగా చెప్పాలి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని ఆటల్లో చాలావరకు, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ సాయంతో నడుస్తాయి గానీ, మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని పోటీ ఆటలు నడవవు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్‌తో ఏదో ఒకటి చేసి సర్దుదామన్న ఆశ వద్దు. సాంకేతికంగా సాధ్యమే అయినా, ఒక అప్‌డేట్‌తో చెడిపోయిన రోజున దాన్ని బాగుచేయాల్సింది మీరే.

చెప్పే మాటల విషయంలో తెలుగుకు ఒక మేలు ఉంది. ఇంగ్లీషులో రెండు అర్థాలు "ఫ్రీ" అనే ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. మనకు "ఉచితం" వేరు, "స్వేచ్ఛ" వేరు. ముందు ఉచితం అని మొదలుపెట్టండి, అది అందరికీ అర్థమవుతుంది. స్వేచ్ఛ గురించి వాళ్ల అనుభవంలోంచి చెప్పండి: పని మధ్యలో బలవంతపు రీస్టార్ట్ ఉండదు, స్టార్ట్ మెనూలో ప్రకటనలు రావు, బాగా పనిచేస్తున్న యంత్రాన్ని కాలం చెల్లిందని పక్కన పెట్టమనేవారు ఉండరు. "వైరస్‌లే రావు" అని మాత్రం అనకండి, అది నిజం కాదు. మోసపు వెబ్‌సైటులో పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడలేదు.

సిస్టమ్ కంటే ముందు ప్రోగ్రాములు

ఫ్రాన్స్‌లోని జాన్‌దార్మరీ పోలీసు దళం వేలాది కంప్యూటర్లను ఉబుంటు అనే లినక్స్ రకానికి మార్చింది. కానీ ముందు ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి పోలేదు. 2005 నుంచి ఓపెన్‌ఆఫీస్, తర్వాత ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ విండోస్‌లోనే అలవాటు చేసి, 2008లో సిస్టమ్ మార్పు మొదలుపెట్టింది. ఒక్క కంప్యూటర్‌కైనా ఇదే వరుస పనిచేస్తుంది. మూడు వారాల పాటు పాత విండోస్‌లోనే బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్, వీడియోలకు వీఎల్‌సీ, మెయిల్‌కు థండర్‌బర్డ్ వాడమనండి. బ్రౌజర్‌లో సింక్ ఖాతా తెరిపిస్తే పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు రేపు లినక్స్‌లోకి వాటంతట అవే వచ్చేస్తాయి.

లిబ్రేఆఫీస్‌లో మొదటిరోజే రెండు మార్పులు చేయండి. "వ్యూ" మెనూలో "యూజర్ ఇంటర్‌ఫేస్"లోకి వెళ్లి "ట్యాబ్డ్" ఎంచుకుంటే పాత అలవాటుకు దగ్గరగా ఉంటుంది. "టూల్స్", "ఆప్షన్స్"లోని "లోడ్/సేవ్" విభాగంలో, ఫైళ్లు వర్డ్, ఎక్సెల్ రూపంలోనే సేవ్ అయ్యేలా పెట్టండి. లేకపోతే మొదట పంపిన ఫైలే అవతలివారి దగ్గర సరిగా తెరుచుకోలేదన్న ఫిర్యాదు వస్తుంది. పేజీల అమరిక చెదరడానికి ఎక్కువసార్లు కారణం ఫాంట్లే. కాలిబ్రీ బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కలాడియా, టైమ్స్, ఏరియల్ బదులు లిబరేషన్ ఫాంట్లు అక్షరాల వెడల్పులో సరిగ్గా సరిపోతాయి. అవి లినక్స్‌లో ఉన్నాయో లేదో తర్వాత చూసుకోండి.

ఈ మూడు వారాలు గడవనివారికి లినక్స్ ఎక్కించకండి.

ఒక్కటే చూపించండి

పది డిస్ట్రోల (లినక్స్ రకాల) పేర్లు వరుసపెట్టి చెప్పడం మనకు ఉత్సాహం, వినేవారికి భయం. మీరు రోజూ వాడుతున్నది, చెడితే మీరు బాగుచేయగలిగినది ఒక్కటి ఎంచుకోండి. విండోస్ నుంచి వచ్చేవారికి లినక్స్ మింట్ సినమన్ కళ్లకు కొత్తగా అనిపించదు. మింట్ 22 శ్రేణికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మింట్‌కు 4 జీబీ మెమరీ ఉంటే మంచిది, 2 జీబీతోనూ నడుస్తుంది కానీ అక్కడ సినమన్ బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమే పెట్టండి. నిజానికి అలాంటి యంత్రంలో ఇబ్బంది పెట్టేది సిస్టమ్ కాదు, బ్రౌజర్. నాలుగు ట్యాబులు తెరిచేసరికి మెమరీ నిండిపోతుంది. పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టడం వల్ల వచ్చే వేగం ఏ డిస్ట్రో వల్లా రాదు.

పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడటం

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లినక్స్ మొత్తం ఒకే ఫైలుగా వచ్చే ఐఎస్ఓ సుమారు 3 జీబీ ఉంటుంది. దించుకున్నాక ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ను (ఫైలు చెడలేదని తేల్చే పొడవాటి కోడ్‌ను) డిస్ట్రో వెబ్‌సైటులో ఉన్నదానితో పోల్చండి. సగంలో తెగిన డౌన్‌లోడ్ ఇన్‌స్టాల్ మధ్యలో అర్థంకాని తప్పులు చూపిస్తుంది. రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది.

ఆ పెన్‌డ్రైవ్ పెట్టేముందు విండోస్‌లో రెండు పనులున్నాయి. మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ ఏర్పాటు. చాలా ల్యాప్‌టాప్‌లలో యజమానికి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగులు మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాయించండి. కీ దొరకకపోతే ముందుకు వెళ్లొద్దు. రెండోది, పవర్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ డిస్క్‌ను లినక్స్ చదవగలదు గానీ రాయడానికి ఒప్పుకోదు.

తర్వాత షిఫ్ట్ నొక్కిపెట్టి రీస్టార్ట్ కొట్టి "యూజ్ ఎ డివైస్"లో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ఆ దారి లేకపోతే ఆన్ అవుతున్నప్పుడు ఎఫ్12, ఎఫ్9, ఎఫ్2, ఎస్కేప్‌లలో తయారీదారును బట్టి ఏదో ఒకటి పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి నెమ్మదిగా ఉంటుందని ముందే చెప్పండి. మౌస్ వాళ్ల చేతిలోనే ఉండాలి.

పరీక్ష ఒక్కొక్కటిగా చేయండి: వైఫై, శబ్దం, మైకు, కెమెరా, బ్లూటూత్, టచ్‌ప్యాడ్, వెలుతురు మార్చే మీటలు, ప్రింటర్‌లో ఒక పేజీ, బయటి తెర. చివరగా మూత వేసి రెండు నిమిషాలాగి తెరవండి. నిద్రలేచాక వైఫై తిరిగి రాని ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, ఇన్‌స్టాల్ అయ్యాక తెలిస్తే తలనొప్పి.

ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా మూడే. బ్రాడ్‌కామ్ వైఫై కార్డులు కొన్నింటికి డ్రైవర్ విడిగా దించుకోవాలి. వైఫై లేకుండా ఎలా దించుకుంటాం అంటే, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. ఎన్‌విడియా కార్డు ఉన్నచోట తెర నల్లగా ఆగిపోతే బూట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుని, ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ నుంచి అసలు డ్రైవర్ వేయండి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే కారణం సాధారణంగా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే లేచే మూల సెట్టింగుల్లో) స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే పద్ధతిలో ఉండటమే. దాన్ని ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చాలి. కానీ విండోస్ ఉంచుకోవాలనుకుంటే, ముందుగా విండోస్ సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి ఆ తర్వాతే బయోస్‌లో మార్చండి. నేరుగా మారిస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది.

బ్యాకప్, ఇన్‌స్టాల్

బయటి డిస్క్‌లో ఒక కాపీ, ఇంకోచోట మరొకటి. కాపీ అయిన ఫైళ్లలో నాలుగైదు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అందరూ మర్చిపోయేది వన్‌డ్రైవ్: ఫోల్డర్‌లో కనిపించే ఫైళ్లన్నీ డిస్క్‌లో ఉండవు, మేఘం బొమ్మ ఉన్నవి ఇంటర్నెట్‌లోనే ఉంటాయి. వాటిని ముందు కిందికి దించుకోవాలి.

రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన పెట్టడం అందరూ సిఫారసు చేసే దారి. దానికి విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ లోంచే కనీసం 60 జీబీ ఖాళీ చేయండి. ఇబ్బందులూ ఉన్నాయి. విండోస్ హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంలో, లినక్స్ అంతర్జాతీయ సమయంలో చదువుతాయి కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళితే టైం తప్పుగా చూపిస్తుంది. ఒక్కోసారి విండోస్ అప్‌డేట్ బూట్ వరుసను తనకు అనుకూలంగా మార్చేస్తుంది. డిస్క్ విప్పగలిగే యంత్రమైతే అంతకంటే మంచి పద్ధతి ఉంది: పాత డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి అందులో లినక్స్ వేయడం. ఏదీ చెరగదు, భయం ఉండదు.

ఇన్‌స్టాలర్‌లో మల్టీమీడియా కోడెక్‌ల (పాటలు, వీడియోలు ఆడేందుకు కావలసినవాటి) పెట్టె టిక్ చేయండి. సెక్యూర్ బూట్ ఉన్నచోట ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది, అక్కడ "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. కొన్ని సెకన్లు ఏమీ నొక్కకపోతే అది మాయమై, బయటినుంచి వేసిన డ్రైవర్లు పనిచేయవు.

ఆ తర్వాత అప్‌డేట్లు, డ్రైవర్లు, చెడితే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్. టైమ్‌షిఫ్ట్‌లో రోజువారీ రెండు, వారానికి రెండు స్నాప్‌షాట్లు చాలు. అది సిస్టమ్‌నే కాపాడుతుంది, ఫొటోలను కాదు. సొంత ఫైళ్లకు బ్యాకప్ వేరే ఉండాలి. మాతృభాష కీబోర్డు ఐబస్‌లో (భాషల టైపింగ్ సెట్టింగులో) పెట్టి, వాళ్లచేతే రెండు వాక్యాలు టైప్ చేయించండి. థీమ్‌లూ, హంగులూ వద్దు. మీ కంప్యూటర్‌లా మార్చేస్తే అది వాళ్లది కాకుండా పోతుంది.

నేర్పాల్సినవి మూడే: కొత్త ప్రోగ్రామ్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకాలే గానీ వెబ్‌సైట్ల నుంచి సెటప్ ఫైళ్లు దించకూడదు, అప్‌డేట్ గుర్తు కనబడితే ఏం చేయాలి, ఫైళ్లు ఎక్కడున్నాయి. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ మొదటిరోజు తెరవకండి.

ఆ తర్వాత మొదటి నెల

మూడో రోజు, రెండో వారం, నెల చివర మీరే ఫోన్ చేయండి. చాలామంది మొహమాటానికి ఏమీ అనకుండా పాత విండోస్‌కు వెళ్లిపోతారు. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అనే వస్తుంది. "ఈ వారం ఏం ప్రింట్ తీశారు? ఏ ఫైలు తెరుచుకోలేదు?" అని అడగండి. దూరంగా ఉంటే, దూరం నుంచి కంప్యూటర్ నడిపే రస్ట్‌డెస్క్ ముందే పెట్టుకుంటే తెర చూసి సరిచేయొచ్చు.

ఒక గ్రంథాలయంలోనో కాలేజీలోనో పదిమందిని పోగుచేసి ఇన్‌స్టాల్ రోజు పెడితే, మోడల్ నంబర్లు, బిట్‌లాకర్ కీ, బ్యాకప్ వారం ముందే అడిగి ఉంచండి. ఏటా సెప్టెంబరులో వచ్చే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే అందుకు అనువైన తేదీ. ఇద్దరికి ఒక సహాయకుడు, కావలసినన్ని ప్లగ్ బోర్డులు, వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్‌లో పలు ఐఎస్ఓలు పెట్టుకోనిచ్చే ప్రోగ్రామ్) పెట్టిన రెండు మూడు పెన్‌డ్రైవ్‌లు ఉంచండి. బ్యాకప్ లేనివారి యంత్రంలో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి నడిపి మాత్రమే చూపించండి. ముగింపుకు గంటన్నర ముందు నుంచి కొత్త ఇన్‌స్టాల్ మొదలుపెట్టొద్దు.

వెనక్కి వెళతానన్నవారిని ఆపకండి, అంతే శ్రద్ధతో వెళ్లనివ్వండి. డిజిటల్ లైసెన్స్ ఉన్న యంత్రంలో అదే ఎడిషన్ విండోస్ మళ్లీ వేస్తే సాధారణంగా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. తీసిన డిస్క్ ఉంటే ఆ పనీ అక్కర్లేదు. అందుకే దానిమీద పేరు, తేదీ రాసి, స్టాటిక్ తగలని సంచిలో పెట్టి, రికవరీ కీ రాసిన కాగితంతో సహా వాళ్ల బీరువాలోనే ఉంచమనండి.