విక్కా ఒంటరిగా మొదలుపెట్టి ఆగిపోయారా? ముందు తలుపు తీసి బయటికి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఒంటరిగా విక్కా (ఇంగ్లండ్‌లో మొదలైన, ప్రకృతిని కొలిచే కొత్తకాలపు మంత్రవిద్య మతం) నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఒకటే. సర్కిల్ (కర్మ కోసం చుట్టూ గీసుకునే వలయం) వేయడం వచ్చింది, నాలుగు దిక్కులనీ పిలవడం వచ్చింది, చేసిన కర్మలు రాసుకోవడానికి బుక్ ఆఫ్ షాడోస్ పేరుతో నోటుబుక్కు కూడా పెట్టుకున్నాను, అయినా ఏమీ అంటుకోవట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను అని. ఇది అడిగేలోపే ఇంకో పుస్తకం కొనేసి ఉంటారు, ఇంకో రంగు కొవ్వొత్తులకి ఆర్డర్ పెట్టేసి ఉంటారు. "ఈరోజు ఒకసారి బయటికెళ్ళి ఆకాశం, పొలం చూశారా?" అంటే మాత్రం లేదంటారు. ఈ ఒక్క చెక్ చేయకుండా మిగతావన్నీ చేస్తున్నారు కాబట్టే ఇదంతా రాస్తున్నాను. సర్కిల్ ఎలా వేయాలి, ఎలా తీయాలి లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: కూర్చుంటే మనసు నిలవట్లేదు

దీనికి కారణం తొంభై శాతం మామూలుదే. ఫోన్ పక్కనే ఉంటుంది, కడుపు నిండా తిని కూర్చుంటారు, ఫ్యాన్ గాలికి కొవ్వొత్తి ఆరుతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగిస్తుంటారు, ఫ్యాన్ ఆపితే చెమట. తెల్లారగట్ల నాలుగున్నరకి మేడ మీదికి వెళ్ళండి, చిన్న గాజు చిమ్నీ పెట్టుకోండి, పావుగంట చాలు. సినిమాలో చూపించినట్టు ఒళ్ళు జలదరించాలని ఎదురుచూడకండి. మొదటి నెలల్లో ఏమీ అనిపించకపోవడం సహజం, అందులో తప్పేమీ లేదు.

సమస్య: ఏడాదిలో ఎనిమిది విక్కా పండగలూ వచ్చిపోతున్నాయి, ఒక్కటీ లోపలికి దిగట్లేదు

అసలు విషయం ఇదే. ఎంతమందితో కూర్చుని వెతికినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగాం. ఇది బయటికి కనిపించదు, ఎందుకంటే మీరు అన్నీ కరెక్ట్‌గానే చేస్తుంటారు. తేదీ కరెక్ట్, మంత్రం కరెక్ట్, కొవ్వొత్తి రంగు కరెక్ట్. కానీ ఆ క్యాలెండర్ మన నేల మీద పుట్టింది కాదు.

ఆగస్టు 1 తీసుకోండి. లామాస్, అంటే తొలి పంట పండగ. ఇంగ్లండ్‌లో అప్పటికి గోధుమ కోతలు మొదలవుతాయి, కొత్త పిండితో రొట్టె చేసి పంటకి కృతజ్ఞతలు చెప్తారు. అదే రోజు నరసన్నపేట వైపు రోడ్డు మీద వెళ్ళి చూడండి. ఉభాలు జరుగుతుంటాయి. ఆడవాళ్ళు మోకాలి దాకా చీర ఎగ్గట్టి, నడుం వంచి, బురదలో నారు గుచ్చుతూ వెనక్కి వెనక్కి జరుగుతుంటారు, గట్టు మీద నారు కట్టలు వరసగా పడి ఉంటాయి, ఈ వారంలో ఒక వాన పడకపోతే ఎలా అని రైతు మొహంలో టెన్షన్ కనిపిస్తూ ఉంటుంది. పంట ఇంకా గింజ కూడా కట్టలేదు. మీరేమో గదిలో కూర్చుని, బేకరీలో కొన్న బ్రెడ్ ముందు పెట్టుకుని, పంట ఇచ్చినందుకు అమ్మకి దణ్ణం పెడుతున్నారు. లోపలికి దిగకపోవడం మీ లోపం కాదు, మీరు చెప్తున్న మాట ఆ రోజుకి నిజం కాదు, అంతే.

మిగతావీ ఇంతే. మే 1 బెల్టేన్, వసంతం నిండుగా విరబూసే పండగ. మనకి అప్పటికి రోడ్డు మీద కాలు పెట్టలేం, సముద్రంలో వేట నిషేధం నడుస్తుంటుంది (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా), కళింగపట్నంలోనైనా భావనపాడులోనైనా మర బోట్లు ఒడ్డునే ఉంటాయి. డిసెంబర్ 21 యూల్, చీకటి పూర్తిగా కమ్మేశాక సూర్యుడు తిరిగొచ్చే రోజు. లండన్‌లో ఆ రోజు పగలు 8 గంటలు కూడా ఉండదు, జూన్‌లో 16 గంటలు దాటుతుంది, కాబట్టి ఆ తేడా వాళ్ళకి ఎముకల్లో తెలుస్తుంది. మనకి డిసెంబర్‌లో పగలు 11 గంటలు, జూన్‌లో 13 దాటుతుంది, అంతే. డిసెంబర్ మనకి భయపెట్టే నెల కాదు, నూర్పులు జరిగే నెల, ధాన్యం ఇంటికొచ్చే నెల. మనల్ని చీకట్లోకి తోసే నెల అక్టోబర్. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబర్ రెండో వారంలోనే తీరాన్ని కొట్టాయి. తిత్లీ తర్వాత ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి తోటలు చూసినవాళ్ళకి, కరెంటు లేకుండా రోజులకి రోజులు గడిపినవాళ్ళకి, చీకటి అంటే ఏంటో ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది భయపడతారు, తేదీలు మారిస్తే విక్కా చెడిపోతుందేమో అని. చెడిపోదు. ఇది వేల ఏళ్ళ నాటి నుంచి మార్పు లేకుండా వచ్చిన క్యాలెండర్ కాదు. ఇంగ్లండ్‌లో మంత్రవిద్య మీదున్న పాత చట్టం 1951లో రద్దయింది, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ పుస్తకం రాసి విక్కాని బయటికి తెచ్చాడు, ఎనిమిది పండగల చక్రం ఆ దశాబ్దంలోనే ఇప్పటి రూపానికి వచ్చింది. లిథా (జూన్ పండగ), మబోన్ (సెప్టెంబర్ పండగ) అనే పేర్లయితే 1970ల్లో అమెరికాలో ఏడన్ కెల్లీ పెట్టినవి. పైగా ఆస్ట్రేలియాలో విక్కావాళ్ళు చాలామంది చక్రాన్ని ఆరు నెలలు తిప్పేసి, జూన్‌లో యూల్ చేసుకుంటారు, ఎందుకంటే వాళ్ళకి చలికాలం అప్పుడే. వాళ్ళు తిప్పుకోగా లేనిది మనం తిప్పుకుంటే తప్పేంటి?

మరి పరిష్కారం ఏంటంటే, ఒక ఏడాది పాటు కొత్త కర్మకాండ ఏదీ మొదలుపెట్టకండి. ఎనిమిది తేదీలూ నోటుబుక్కులో రాసుకుని, ఆ రోజు తెల్లారి బయటికి వెళ్ళి చూసింది రాయండి. పొలంలో ఏముంది, ఏ చెట్టు పూతలో ఉంది, గాలి ఎటు నుంచి వస్తోంది, సూర్యుడు ఎవరి డాబా వెనక నుంచి లేచాడు. ఈ ఆఖరిది తప్పకుండా రాయండి. ఏడాది తిరిగేసరికి సూర్యుడు లేచే చోటు ఈ చివర నుంచి ఆ చివరకి ఎంత జరుగుతుందో చూసి ఆశ్చర్యపోతారు. అరసవల్లిలో మార్చిలో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఒకసారి ఉదయపు కిరణాలు స్వామి పాదాలని తాకేది కూడా ఈ లెక్కతోనే. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు దాదాపు ఒకే చోట లేస్తాడు. పక్షుల్ని చూడాలనుంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళండి. గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు ఎప్పుడొచ్చాయి, పిల్లలతో ఎప్పుడు వెళ్ళిపోయాయి అన్నది చూస్తే చాలు, అదే ఒక క్యాలెండర్.

రెండో ఏడాది ఆ రాతలు ముందు పెట్టుకుని పండగల్ని సర్దుకోండి. పంటకి కృతజ్ఞత చెప్పే కర్మ నూర్పులప్పుడు చేయండి. సావిన్, అంటే పోయినవాళ్ళని తలుచుకునే పండగలో, పెద్దల్ని తలుచుకునే భాగం అక్టోబర్ 31నే ఉంచుకోవచ్చు, తుఫాన్ల కాలం కాబట్టి అది మనకి బాగానే కుదురుతుంది. లిథాని తొలి వానకి జరపండి. ఒక్క మాట, సంక్రాంతికి మనవైపు పెద్దలకి బట్టలు పెడతాం కదా, దాన్ని తీసుకెళ్ళి "ఇదే మన సావిన్" అని పేరు మార్చకండి. మీ ఇంటి పండగ మీ ఇంటి పద్ధతిలో చేసుకోండి, విక్కా కర్మ వేరే రోజు వేరుగా చేసుకోండి. రెండూ కలిపేసినవాళ్ళకి చివరికి రెండిటి మీదా మనసు పోవడం చూశాను.

సమస్య: దిక్కులు పిలిచేటప్పుడు ఏదో ఇబ్బందిగా ఉంటోంది

ఇదీ పై కారణానికి తమ్ముడే. పుస్తకంలో తూర్పు గాలి, దక్షిణం నిప్పు, పడమర నీరు, ఉత్తరం భూమి అని ఉంటుంది. బ్రిటన్‌కి పడమర అట్లాంటిక్ ఉంది, సూర్యుడు ఏడాదంతా దక్షిణానే నడుస్తాడు, కాబట్టి వాళ్ళకి సరిపోయింది. మనకి సముద్రం తూర్పున ఉంది, కొండలు పడమర. నాగావళి, వంశధార కొండల్లోంచి వచ్చి తూర్పు సముద్రంలో కలుస్తాయి. మే రెండో వారం దాటితే జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది, కావాలంటే గేటు దగ్గర కర్ర పాతి చూసుకోండి. దీనికి తోడు చిన్నప్పటి నుంచి మన తలలో వేరే లెక్క ఉంది, నిప్పు ఆగ్నేయం, గాలి వాయవ్యం, దక్షిణం యముడిది, అటు తిప్పి దీపం పెట్టకూడదు. దక్షిణాన కొవ్వొత్తి వెలిగిస్తుంటే మీ చెయ్యి ఆగేది అందుకే. రెండు దార్లున్నాయి. పుస్తకం లెక్కనే ఉంచుకోవచ్చు, పడమర వరుణుడిది కాబట్టి నీరు దగ్గర పేచీ కూడా రాదు. లేదంటే తూర్పున నీరు, పడమర భూమి, ఆగ్నేయంలో నిప్పు, వాయవ్యంలో గాలి పెట్టుకోండి. నా ఓటు రెండోదానికే. ఏదైనా సరే, వారానికొకటి మార్చకండి.

పౌర్ణమి కూడా చూసుకోండి. కొన్ని యాప్‌లు పౌర్ణమిని గ్రీన్‌విచ్ టైమ్‌లో చూపిస్తాయి, మనం ఐదున్నర గంటలు ముందుంటాం, ఒక్కోసారి తేదీయే మారిపోతుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు.

సమస్య: ఇంట్లో, వీధిలో అనుమానం

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఉత్తరాంధ్రలో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు ఉన్నాయి. మీరు చేసేది ఎవరికీ హాని చేయకూడదన్న నియమం మీద నడిచే పద్ధతే కావచ్చు, చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. కూడలిలో గానీ, శ్మశానం దగ్గర గానీ, ఊరి చివర చెట్టు కింద గానీ రాత్రిపూట ఏమీ చేయకండి. నిమ్మకాయ, పసుపు, కుంకుమ, వెంట్రుకలు బయట వదలకండి. ఎవరి పేరూ కాగితం మీద రాసి కాల్చకండి, మంచి కోసమైనా సరే. ఇంట్లో కనీసం ఒక్కరికి పగటిపూట అంతా చూపించి చెప్పండి. అథామే (కర్మలో వాడే కత్తి) అవసరం లేదు, చూపుడు వేలితో సర్కిల్ వేయొచ్చు, ఇంట్లో కత్తి కనిపిస్తే వచ్చే ప్రశ్నలకి జవాబు చెప్పలేరు. ఎవరైనా నేరుగా చిల్లంగి అన్న మాట వాడితే వాళ్ళతో వాదించకండి, వెంటనే అక్కడి నుంచి తప్పుకుని ఇంట్లోవాళ్ళకి చెప్పి, 112కి ఫోన్ చేయండి.

మిగతావి

సామాన్లు దొరకట్లేదంటే సాంబ్రాణి, వేపాకు, ఉప్పు, ఒక చెంబు నీళ్ళు సరిపోతాయి. చేసింది మూడింతలై తిరిగొస్తుందని విక్కాలో ఒక నమ్మకం ఉంది, చేసిన కర్మ అలా ఎదురుతిరిగిందేమో, జ్వరం అందుకే వచ్చిందేమో అంటే, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. గొంతులు వినిపిస్తున్నాయి, రోజుల తరబడి నిద్ర లేదు అంటే అన్నీ ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. దీక్ష లేకపోతే పనికిరాదా అంటే, గార్డ్‌నర్ పరంపరలోకి వెళ్ళాలంటేనే ఒకరు ఇవ్వాలి, ఒంటరిగా చేసేవాళ్ళు తమకి తామే సంకల్పం చెప్పుకుంటారు, అది చాలు. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని దీక్ష ఇస్తానన్నవాళ్ళ నంబర్ బ్లాక్ చేసేయండి.