వానలు ముదరకముందే ఇంట్లో నీళ్ల సంగతి చూస్కోండి

తొలకరి పడిందంటే మా కాలనీలో ఏటా ఇదే తంతు, ముందు మిర్చి బజ్జీలు, తర్వాత కరెంటు కోతలు, ఆ తర్వాత ఇంటికొకరికి విరేచనాలు. అందరూ బజ్జీల బండాయన్ని తిడతారు గానీ నల్లాని మాత్రం ఎవ్వరూ అనుమానించరు.

నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ బెడ్ దగ్గర బాగానే బయల్దేరతాయి, చాలాసార్లు పాడయ్యేది దార్లోనే. నల్లా వచ్చేది గంటో రెండు గంటలో కదా, మిగతా టైమంతా పైపు ఖాళీ, పక్కనే మోరీ, పైపుకి ఎక్కడ చిల్లున్నా ఆ మురికి లోపలికి దిగుద్ది. దీనికి తోడు మనం నల్లాకి డైరెక్టుగా మోటర్ బిగించి గుంజుతాం, అంటే పక్కనున్న మోరీని కూడా కలిపి గుంజుతున్నట్టే. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో పది మందికి పైగా పోయింది ఇలా మురుగు కలిసిన నల్లా నీళ్లతోనే.

అందుకని నల్లా వదలగానే మొదటి ఐదు పది నిమిషాల నీళ్లు బట్టలకో బండికో వాడండి, బిందె తర్వాత పెట్టండి. తేటగా ఉన్నాయి కదా అని నమ్మొద్దు, క్రిములు కంటికి కనపడవు. కొంచెం బ్లీచింగ్ వాసన వస్తే తిట్టుకోకండి, అది ఉండాల్సిందే, చివరి ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.

సంపు మూత నేలకి సమానంగా ఉంటే వాననీళ్లు తిన్నగా అందులోకే, చుట్టూ రెండు వరసల ఇటుకలు లేపించండి. వానలకి ముందే సంపు, పైన ట్యాంకు ఖాళీ చేసి బ్రష్షుతో రుద్ది కడిగించాలి.

మరిగించడం అంటే వేడి చేయడం కాదండి, తెర్లుతూ ఒక నిమిషమైనా ఉండాలి. ఆ గిన్నెలోనే చల్లార్చి మూత పెట్టి, చేతులు ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీస్కోండి. మేం ఇవన్నీ చేసి కూడా మా చిన్నోడికి కామెర్లు తెచ్చుకున్నాం, ఎక్కడ తాగాడో ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే ఆ కామెర్లు నీళ్లు తాగిన నెలకి కూడా బయటపడొచ్చంట. ఇప్పుడు స్కూలుకి బాటిల్ ఒకటి కాదు రెండు పంపుతున్నాం.

ఒక్క మాట, నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకి మరగబెట్టడం పనికిరాదు, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు తాగడానికి వద్దు.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పట్టండి, ప్యాకెట్ లేకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, కొలత సరిగ్గా ఉండాలి. గంజిలాగా పోతుంటే, కళ్లు లోపలికి పోతుంటే ఆగకుండా ఆస్పత్రికి తీస్కెళ్లండి. కడుపుతో ఉన్నామెకి కామెర్లైతే పసరు మందని తిప్పొద్దు, చాలా ప్రమాదం. వీధిలో రెండు మూడిళ్లలో ఒకేసారి మొదలైతే మాత్రం నల్లా నీళ్లు తాగడం ఆపేసి, ఆ రోజే ఆశా వర్కర్‌కీ నీళ్లు వదిలే లైన్‌మన్‌కీ ఇద్దరికీ ఫోన్ చేయండి.