కీబోర్డు తెరిచి ఉండగానే అలర్ట్ వస్తే

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల లెక్క రాసుకోవడానికి మా చిన్నాయనకు ఐఫోన్ యాప్ చేస్తుంటే తగిలిన చిక్కులివి. 'రకం' గడిలో తేజ, వండర్‌హాట్ అని ఆయనతో టైపు చేయించడం దండగ, ఆ టెక్స్ట్‌ఫీల్డ్ (టైపు చేసే గడి) ఇన్‌పుట్‌వ్యూకి, అంటే గడిని తాకితే కింద లేచే భాగానికి, ఒక యూఐపికర్‌వ్యూ (తిప్పి ఎంచుకునే జాబితా) ఇచ్చేస్తే కీబోర్డు బదులు అదే కింది నుంచి లేస్తుంది. పికర్‌కి, నంబర్ ప్యాడ్‌కి 'అయిపోయింది' బటన్ ఉండదు కాబట్టి వాటి పైన అంటుకుని ఉండే పట్టీలో, అంటే ఇన్‌పుట్‌యాక్సెసరీవ్యూలో, చిన్న టూల్‌బార్ పెట్టండి. కర్సర్ గడిలో ఉండగానే ఇన్‌పుట్‌వ్యూ మారిస్తే తెర మీద ఏమీ మారదు, రీలోడ్‌ఇన్‌పుట్‌వ్యూస్ అనే ఫంక్షన్‌ని పిలవాలి. ఈ ఒక్క లైను తెలియక నాకు ఒక రాత్రంతా పోయింది.

ఇక అలర్ట్. బస్తాలు సున్నా అని కొట్టి సేవ్ నొక్కితే హెచ్చరిక రావాలి కదా, దాన్ని చూపే ముందే వ్యూ మీద ఎండ్‌ఎడిటింగ్ పిలిచి కీబోర్డును దించేయండి, లేకపోతే 'సరే' నొక్కగానే కీబోర్డు మళ్లీ ఎగిరొచ్చి కూర్చుంటుంది, చిన్నాయనేమో "ఫోన్ పాడైందిరా" అంటాడు! నెట్లో దొరికే యూఐఅలర్ట్‌వ్యూ కోడ్ కాపీ కొట్టకండి, ఐఓఎస్ 9తోనే, అంటే 2015లోనే, దాన్ని పక్కన పెట్టేశారు. ఇప్పుడు యూఐఅలర్ట్‌కంట్రోలరే.

సేవ్ బటన్ కీబోర్డు కింద దాక్కుంటే, ఐఓఎస్ 15 నుంచి ఉన్న కీబోర్డ్‌లేఅవుట్‌గైడ్ (కీబోర్డు ఎక్కడిదాకా వచ్చిందో చూపే కొలగీత) పై అంచుకు ఆ బటన్ అడుగును కట్టేయండి, ఎత్తుల లెక్కలు మీరు వేయక్కర్లేదు.