బండి అప్పుడప్పుడూ మిస్సింగ్ కొడుతోందా? పార్టులు మార్చేముందు ఇలా వెతకండి

మిస్సింగ్ అంటే నడుస్తున్న ఇంజన్ మధ్యమధ్యలో తడబడటం. ఎప్పుడూ ఉండే మిస్సింగును మెకానిక్‌ అరగంటలో పట్టేస్తాడు. వచ్చి పోయేదాంతోనే తలనొప్పి. షెడ్డు ముందు ఎంత రేజ్ చేసినా బండి బుద్ధిగా నడుస్తుంది. ఇంటికి బయల్దేరి రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో మళ్లీ మొదలు. ఇక అతను మాత్రం ఏం చేస్తాడు? ప్లగ్ మారుస్తాడు, కార్బురేటర్ కడుగుతాడు, అప్పటికీ పోకపోతే సీడీఐ (ప్లగ్‌లో రవ్వ ఎప్పుడు రావాలో చూసే ఎలక్ట్రానిక్ డబ్బా) అంటాడు. నా పాత 150 సీసీ బండికి ఈ మూడూ అయ్యాయి. జేబు ఖాళీ అయింది, మిస్సింగ్ అలాగే ఉంది. చివరికి అసలు దొంగ హ్యాండిల్ కింద దొరికాడు. దానికి అయిన ఖర్చు ఒక ఇన్సులేషన్ టేపు.

అందుకే స్పానర్ పట్టుకునే ముందు అది ఎప్పుడు వస్తోందో పట్టుకోవాలి.

1. వారం రోజులు రాసుకోండి

మిస్సింగ్ వచ్చిన ప్రతిసారీ బండి పక్కకు ఆపి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాయండి. ఇంజన్ చల్లగా ఉందా, బాగా వేడెక్కిందా? స్పీడు ఎంత? ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది? వాన, గతుకు, మలుపు లాంటివేమైనా ఉన్నాయా?

వారం తిరిగేసరికి ఆ రాతలోనే సగం జవాబు ఉంటుంది. వానలోనో వాటర్ సర్వీసింగ్ అయ్యాకో వస్తే ప్లగ్ క్యాప్, దాని వైరు మీద అనుమానపడాలి. అరగంట నడిచి ఇంజన్ కాగాక మొదలై, చల్లారాక మాయమైతే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి కరెంటు పెంచి పంపేది) గానీ పికప్ కాయిల్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టి సీడీఐకి సిగ్నల్ ఇచ్చేది) గానీ వేడికి మొరాయిస్తుండొచ్చు. గతుకుల్లో వస్తే ఎక్కడో కనెక్షన్ లూజు. హైవే మీద ఒకే స్పీడులో కొంతదూరం పోయాక నీరసపడితే పెట్రోల్ సరిగ్గా అందట్లేదు. స్లోలో మాత్రమే తడబడుతుంటే కార్బురేటర్ స్లో జెట్‌లో (స్లోలో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) చెత్త ఉండొచ్చు, ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం పగిలి గాలి లాగుతుండొచ్చు.

2. కరెంటా, పెట్రోలా తేల్చుకోండి

కరెంటు తేడా ఉంటే ఎవరో స్విచ్ నొక్కినట్టు ఇంజన్ టక్కున ఆగి, టక్కున అందుకుంటుంది. పెట్రోల్ తేడా అయితే బండి మెల్లగా బలం కోల్పోతుంది, ఆయాసపడుతున్నట్టు ఉంటుంది. కార్బురేటర్ బండి అయితే, అలా నీరసపడినప్పుడు చోక్ సగం లాగి చూడండి. కాస్త సర్దుకుంటే పెట్రోల్ తక్కువ పడుతోందన్నమాట.

ఎలక్ట్రానిక్ ఆర్పీఎం మీటరు ఉంటే దాన్నీ గమనించండి. బండి గేరులో దొర్లుతూనే ఉన్నా ముల్లు ఒక్క క్షణం సున్నాకు పడి లేచిందంటే, అది ఇంజన్ వేగం తగ్గడం కాదు, సిగ్నల్ తెగడం. నేరుగా వైరింగ్ వైపు వెళ్లొచ్చు.

3. ప్లగ్, దాని టోపీ

చల్లారిన ఇంజన్ నుంచి ప్లగ్ విప్పండి. తెల్ల పింగాణీ కొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. మరీ సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువైంది. గ్యాప్ చాలా కమ్యూటర్ బళ్లకు 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూడండి. ప్లగ్‌ని ఇంజన్‌కు ఆనించి కిక్ కొడితే రవ్వ బాగా వచ్చింది కదా అని దాన్ని వదిలేయకండి. సిలిండర్ లోపలి ఒత్తిడిలో రవ్వ దూకడం బయటికంటే చాలా కష్టం. కొత్త ప్లగ్ వేసి చూడటమే చవక. రవ్వ చూసేటప్పుడు దగ్గర్లో పెట్రోల్ వాసన కూడా ఉండకూడదు.

అందరూ మర్చిపోయేది ప్లగ్ క్యాప్. చాలా బళ్లలో దాన్ని వైరు మీంచి మరలాగా తిప్పితే ఊడొస్తుంది. లోపల రాగి పచ్చగా చిలుమెక్కి ఉంటే, వైరు పొడవు ఉన్నంతలో ఒక అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించండి. మల్టీమీటరు పెడితే రెసిస్టర్ ఉన్న క్యాపులు ఎక్కువగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తాయి. కదిపినప్పుడల్లా అంకె ఎగిరిపడుతుంటే అది పనికిరాదు.

ఇక్కడే నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. రాత్రి పూట ఆరుబయట బండి స్టార్ట్ చేసి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో ప్లగ్ వైరు మీద, క్యాప్ మీద సన్నగా నీళ్లు కొట్టండి. చుట్టుపక్కల లైట్లు ఆపేయండి. కరెంటు లీకవుతుంటే వైరు నుంచి ఇంజన్ మీదకు నీలంగా సన్నని గీతలు చిటపటమంటూ దూకుతాయి, ఇంజన్ కూడా తడబడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ చెయ్యి పెట్టకండి, గట్టి షాక్ కొడుతుంది. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపొద్దు, పొగ ప్రమాదం.

4. వైర్లు కదిపి చూడండి

ఇంజన్ స్లోలో పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. తర్వాత వైర్లను కలిపే ఒక్కొక్క కప్లర్ వేలితో కదపండి: సీడీఐది, కాయిల్‌ది, తాళం కిందది. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే కిల్ స్విచ్ మెల్లగా తట్టండి. సైడ్ స్టాండ్ సెన్సర్ ఉన్న బండి అయితే దాని మీద పేరుకున్న బురద తుడవండి. గతుకులో అది స్టాండ్ వేసినట్టు పొరబడినా ఇంజన్ కట్ అవుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ బిగించి, ఓల్టేజీ చూడండి. ఆఫ్‌లో 12.4 దాటి, కాస్త రేజ్ చేసినప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి.

నా బండి జబ్బు దొరికింది ఇక్కడే. రాసుకున్న నోట్‌లో మూడుసార్లు ‘యూటర్న్’ అని ఉంది. హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పగానే ఇంజన్ ఆగింది. హెడ్‌లైట్ డూమ్ విప్పితే, నెక్ దగ్గర కేబుల్ టై ఒరుసుకుని కిల్ స్విచ్ వైరు తోలు ఊడి, బియ్యపు గింజంత రాగి బయటికి మెరుస్తోంది. చాలా పాత సీడీఐ బళ్లలో ఆ వైరును బాడీకి కలిపితేనే ఇంజన్ ఆగుతుంది. స్విచ్ చేసే పనిని ఫ్రేమే చేసేస్తోంది.

5. పెట్రోల్ దారి

ఎప్పటిలా నీరసపడిన వెంటనే బండి ఆపి ట్యాంకు మూత తెరవండి. ‘హుస్స్’మని గాలి లోపలికి పోయి, తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. దుమ్ము, పాలిష్ మైనం చాలు దాన్ని మూసేయడానికి.

ట్యాంకు అడుగుకొచ్చినప్పుడే మిస్సింగ్ వస్తుంటే నీళ్లు చేరాయేమో చూడాలి. కార్బురేటర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కాస్త పెట్రోల్‌ను గాజు సీసాలోకి పట్టి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. నెలల తరబడి కదలని బండికి ఈ బెడద ఎక్కువ.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షనే. మీటరులో ఇంజన్ బొమ్మ లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయినా సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించండి, లైటు ఆరినా కోడ్ లోపల మిగిలి ఉండొచ్చు.

6. సీడీఐ, కాయిల్ చివర్లోనే

ఇవి ఖరీదైనవి, ఒకసారి కొంటే కొట్టువాడు వెనక్కి తీసుకోడు. అదే మోడల్ బండి ఉన్న స్నేహితుడి దగ్గర ఒకరోజు అరువు తెచ్చి వేసి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో జన్మలో తెలియదు. అన్నీ సరిగ్గా ఉన్నా పోకపోతే ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూపించాలి. అది మెకానిక్ పని. మీ నోట్ అతనికి చూపించండి, సగం పని తగ్గుతుంది.

బాగైందో లేదో తేల్చుకోవాలంటే, అంతకుముందు మిస్సింగ్ వచ్చిన దారిలోనే, అదే వేడిలో, అంతే పెట్రోల్‌తో నడపాలి. నేను టేపు చుట్టాక అదే యూటర్న్ దగ్గర పదిసార్లు తిరిగాను. మూల మీద టీకొట్టు ఆయన బయటికొచ్చి, అడ్రస్ ఏమైనా కావాలా అన్నా అని అడిగాడు.